గంట కొట్టే బుల్లి మనిషి కోసం

మా చిన్నోడికి మూడున్నరేళ్ళప్పుడు మొదటిసారి మ్యూజియంకి తీసుకెళ్ళాను. ఏ మ్యూజియమో చెప్పను లెండి, తప్పు వాళ్ళొక్కళ్ళదే కాదు. బయల్దేరే ముందు ఇంట్లో నేనే బాగా ఊరించాను, కత్తులుంటాయిరా, డాళ్ళుంటాయిరా అని. వాడు దారంతా "కత్తి, కత్తి" అంటూనే వచ్చాడు. తీరా లోపలికెళ్ళాక ఆ కత్తి వాడి కంటికి అందే ఎత్తులో లేదు. అద్దాల పెట్టె అంచు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి, రెండు అరచేతులూ అద్దానికి ఆనించాడు. అంతే, ఎక్కడినుంచో ఈల వినబడింది. నిజంగా ఈలే, బస్టాండులో ఊదినట్టు! "ఏయ్ బాబూ, చెయ్ తియ్! మేడమ్, పిల్లల్ని పట్టుకోండి" అని ఓ కేక. హాల్లో ఉన్నవాళ్ళంతా మా వైపు తిరిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఉక్రోషమంతా వాడి వీపు మీద చూపించాను. ఒక్కటే దెబ్బ, కానీ గట్టిగానే పడింది.

వాడు ఏడవలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. బయటికొచ్చాక ఐస్‌క్రీం కొనిపెడితే తిన్నాడు కూడా. కానీ ఆ తర్వాత ఏడాదిన్నర పాటు మ్యూజియం అన్న మాట వస్తే చాలు, "అక్కడ కొడతారు" అనేవాడు. కొట్టింది నేను. వాడి లెక్కలో మాత్రం కొట్టింది ఆ బిల్డింగు.

ఐదేళ్ళ లోపు పిల్లలకి కాకతీయులెవరో, కుతుబ్‌షాహీలెవరో తెలియకపోయినా నష్టం లేదు. ఇక్కడికి నేను మళ్ళీ రావచ్చా, రాకూడదా అన్నది మాత్రం మొదటి పది నిమిషాల్లోనే తేల్చేసుకుంటారు. ఒకసారి రాకూడదు అనుకున్నారంటే ఆ తర్వాత స్కూలు వాళ్ళు లైన్లో పెట్టి తీసుకెళ్ళినా, మనసు గేటు బయటే ఉండిపోతుంది. మన మ్యూజియంల వాళ్ళు ఆ పది నిమిషాల గురించి ఆలోచించాలని నా గోల. కొత్త బిల్డింగులూ, త్రీడీ షోలూ తర్వాత చూసుకోవచ్చు.

మేము మళ్ళీ వెళ్ళడానికి కారణం మా అత్తమ్మ. కంటి ఆపరేషన్ చేయించుకుని కొన్నాళ్ళు మా దగ్గరే ఉన్నారు. ఆవిడది ఆదిలాబాద్ వైపు పల్లెటూరు, మా ఫ్లాట్‌లో ఏమీ తోచేది కాదు. ఎప్పుడో పెళ్ళయిన కొత్తలో సాలార్‌జంగ్ మ్యూజియం చూపిస్తానని మామయ్య మాటిచ్చారట. చూపించకుండానే వెళ్ళిపోయారు. సరే పదండి అని బయల్దేరదీశాను. మొదటిసారి శుక్రవారం వెళ్ళి గేటు చూసి తిరిగొచ్చాం. శుక్రవారం సెలవు, మీరు ఆ పొరపాటు చెయ్యకండి. రెండోసారి ఆదివారం వెళ్ళాం. చిన్నోడు వస్తానన్నాడు గానీ, లోపలికి అడుగు పెట్టగానే రెండు చేతులూ నిక్కరు జేబుల్లో పెట్టేసుకున్నాడు. ఏ గదిలోనూ బయటికి తియ్యలేదు. నానమ్మ చెయ్యి పట్టుకోమన్నా పట్టుకోలేదు. నాకు ఏదోలా అయింది. ఏమనను?

ఇక ఆ గడియారం. హైదరాబాదులో పెరిగినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు, రానివాళ్ళ కోసం చెప్తున్నాను. కుక్ అండ్ కెల్వీ కంపెనీ వాళ్ళ గడియారం అది. గంట కావడానికి మూడు నిమిషాల ముందు బుల్లి తలుపు తెరుచుకుని ఓ బుల్లి మనిషి బయటికొస్తాడు. ఎన్ని గంటలైతే అన్ని కొట్టి లోపలికి వెళ్ళిపోతాడు. ఇంకో బొమ్మ, కమ్మరి, క్షణానికో దెబ్బ చొప్పున సుత్తితో కొడుతూనే ఉంటాడు. మేము వెళ్ళింది పన్నెండు కావస్తుండగా. హాలు నిండా జనం. బెంచీల మీద కొందరు, వెనక నిలబడి కొందరు, నాన్నల భుజాల మీద పిల్లలు. ఒకళ్ళకొకళ్ళు ఏమీ కాని వాళ్ళు కూడా "వచ్చే టైమయింది, అటు చూడు, ఆ తలుపు" అని పక్కవాళ్ళ పిల్లలకి చూపిస్తున్నారు.

మొదటి గంట పడింది. ఎవరో పిల్ల "ఒకటి" అంది. రెండోదానికి పదిమంది, మూడోదానికి హాలంతా. మా వాడు జేబుల్లోంచి చేతులు తీశాడు. వేళ్ళు ముడుస్తూ లెక్క పెట్టాడు. పదితో వేళ్ళు అయిపోతే నానమ్మ చెయ్యి లాక్కుని రెండు వేళ్ళు అరువు తీసుకున్నాడు.

"ఆయన లోపల ఏం చేస్తాడు నానమ్మా?"

"మల్ల గంటయ్యేదాంక పండుకుంటడు బిడ్డా."

"రాత్రి కూడా కొడతాడా?"

"మరి? రాత్రి డ్యూటీ ఇంకెవరు జేస్తరు, ఆయినె జెయ్యాలె."

నేను చూసిన కొద్దిపాటి మ్యూజియంలలో పిల్లలు పిల్లల్లాగా ఉండి, చూడాల్సింది పూర్తిగా చూసిన చోటు ఆ హాలే. ఎందుకా అని ఇంటికొచ్చి గిన్నెలు సర్దుకుంటూ ఆలోచించాను. అక్కడ కూర్చోవచ్చు. మాట్లాడొచ్చు. ఏదో జరగబోతోందని ముందే తెలుసు కాబట్టి ఎదురుచూడటంలో మజా ఉంది. చూడాల్సింది ఒక్కటే. పైగా పెద్దవాళ్ళు కూడా పిల్లలతో సమానంగా నోరు తెరుచుకుని చూస్తున్నారు. ఇందులో కంప్యూటరు ఏమీ లేదు చూడండి. బెంచీ ఉంది, ఎదురుచూపు ఉంది.

కూర్చోవడం అన్నది చిన్న విషయంగా కనబడుతుంది గానీ, దీని మీద నూరేళ్ళ క్రితమే ఒకాయన పని చేశాడు. బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ ఐవ్స్ గిల్మన్. 1916లో మ్యూజియం అలసట మీద వ్యాసం రాశాడు. ఓ పెద్దమనిషిని అద్దాల బీరువాల ముందు నిలబెట్టి, లోపలున్నవి సరిగ్గా చూడాలంటే ఎలా వంగాల్సి వస్తోందో, ఎలా గొంతుక్కూర్చోవాల్సి వస్తోందో వరసగా ఫోటోలు తీయించాడు. కోటూ బూటూ వేసుకున్న పెద్దమనిషికే అన్ని తిప్పలైతే మూడడుగుల వాడి సంగతేమిటి? ఓసారి మీరు మీ పిల్లల ఎత్తుకి మోకాళ్ళ మీద కూర్చుని చూడండి. నేను కూర్చుని చూశాను, చీర నలిగితే నలిగిందని. నాకు కనబడినవి: బీరువా చెక్క అంచు, దాని తాళంకప్ప, అద్దంలో ట్యూబులైటు. లోపలి వస్తువు అడుగుభాగం కొంచెం. పిల్లలు అద్దం మీద చేతులు పెట్టి ఎగబాకేది అల్లరి కాదని అప్పుడు అర్థమైంది. ఏడాదిన్నర ఆలస్యంగా.

దీనికి కావలసింది పీట. మన వంటింట్లో అటక మీద డబ్బాలు దించుకోవడానికి వేసుకుంటామే, అలాంటిదే కాస్త వెడల్పుగా, తన్నినా కదలనిది, గదికి రెండు. దీనికేమైనా కోట్లు కావాలా?

తర్వాత లేబుళ్ళు. పంచలోహం, పలానా శతాబ్దం, పలానా చోట దొరికింది. చాలాచోట్ల అంతే రాస్తారు. తప్పని అనను, చదువుకునేవాళ్ళకి కావాలి. కానీ మా వాడు అడిగే ప్రశ్నలకి అందులో జవాబు ఒక్కటీ ఉండదు. ఇది బరువా? దీంతో ఎవరినైనా పొడిచారా? ఇది ఎవరి ఇంట్లో ఉండేది, వాళ్ళమ్మ దీన్ని ముట్టుకోనిచ్చేదా? వీటిలో ఒక్కదానికైనా, తెలుగులో, పెద్ద అక్షరాలతో, పిల్లల కంటి ఎత్తులో ఒక్క వాక్యం రాసి పెడితే చాలు. చదవడం రాని పిల్లలకి మనం చదివి వినిపిస్తాం. సగం మంది తల్లులం లేబులు చదివి వినిపించకుండా "అదిగో చూడు, ఇదిగో చూడు" అని దాటేసేది, అందులో ఉన్నది మనకీ అర్థం కాకనే!

సాలార్‌జంగ్‌లోనే చెక్క బొమ్మ ఒకటుంది, ముందునుంచి చూస్తే మెఫిస్టోఫిలిస్ అనే దెయ్యం లాంటివాడు, వెనక పెట్టిన అద్దంలో చూస్తే మార్గరెట్టా అనే అమ్మాయి. ఒకే మొద్దులో ఇద్దరు. దాని ముందు మా వాడికి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. అద్దంలోకి చూశాడు, బొమ్మను చూశాడు, మళ్ళీ అద్దంలోకి చూశాడు. "వాడి వీపు అమ్మాయి!" అని అరిచాడు. ఎవరూ ఈల వెయ్యలేదు, నేను మాత్రం అలవాటుగా ఉలిక్కిపడ్డాను.

ముసుగు రెబెకా దగ్గర మాత్రం చిక్కొచ్చింది. బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కిన పాలరాతి బొమ్మ. మొదటి సాలార్‌జంగ్ 1876లో ఇటలీ వెళ్ళినప్పుడు కొన్నాడు. మొహం మీద పల్చటి మేలిముసుగు, దాని వెనక కళ్ళూ ముక్కూ కనబడుతుంటాయి. అంతా రాయే. "ఆమెకి గాలి ఆడుతుందా?" అన్నాడు మా వాడు. అది బట్ట కాదురా, రాయి అంటే నమ్మలేదు. నమ్మించడానికి నా దగ్గర ఏముంది? రెబెకాని ముట్టుకోనివ్వమని నేను అడగను. ఇన్ని లక్షల చేతులు పడితే ఏ రాయైనా పాడవుతుంది, కాపాడటం వాళ్ళ ధర్మం. కానీ ఆవిడ పక్కన ఓ చిన్న బల్ల మీద ఒక పాలరాయి ముక్క, ఒక పల్చటి తెల్లగుడ్డ పెడితే? ఒక చెయ్యి రాయి మీద, ఒక చెయ్యి బట్ట మీద వేసి పైకి చూస్తే ఆ శిల్పి ఏం చేశాడో నాలుగేళ్ళ పిల్లకి కూడా చప్పున తెలుస్తుంది. చివరికి ఆ పని ఇంటికొచ్చి నేనే చేశాను. దేవుడి గూట్లో పాలరాతి పలక తీసి, నా చున్నీ తడిపి దాని మీద పరిచి, ఇది ఇది, అది అది అని చూపించాను. వాడు పలక మీద గోటితో గీకి చూసి, "ఆయనకి చాలా రోజులు పట్టి ఉంటుంది కదా" అన్నాడు. ఈ మాట నేను చెప్పింది కాదు.

మా చెల్లెలు అమెరికాలో ఫిలడెల్ఫియా దగ్గర ఉంటుంది. అక్కడ పిల్లల మ్యూజియం ఒకటుంది, పేరే ప్లీజ్ టచ్ మ్యూజియం. దయచేసి ముట్టుకోండి అని! 1976లో మొదలైందట. ఇప్పుడుంటున్న భవనం 1876లో అక్కడ జరిగిన పెద్ద ప్రదర్శనకి బొమ్మల కొలువుగా కట్టిందే. అదే ఏడు మన దివాన్ గారు రెబెకాని కొన్నారన్నమాట. పిల్లలకోసం విడిగా మ్యూజియం అన్న ఆలోచన అయితే ఇంకా పాతది, న్యూయార్క్ బ్రూక్లిన్‌లో 1899లోనే ఒకటి తెరిచారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం అని 1969లో పెట్టినాయన ఫ్రాంక్ ఓపెన్‌హైమర్, ఆటంబాంబు ఓపెన్‌హైమర్ తమ్ముడు. అక్కడ పిల్లలు చేత్తో తిప్పి, నొక్కి, ఊది చూడాల్సిందే. చెల్లెలు ఇవన్నీ చెప్తుంటే మొదట నాకూ "మనకెక్కడొస్తాయిలే" అనిపించింది. తర్వాత అడిగాను, నీకు బాగా నచ్చిందేమిటే అని. "నేల మీద కూర్చోవచ్చు అక్కా, ఎవరూ లేవమనరు" అంది. నేల మనకీ ఉంది కదా.

సాలార్‌జంగ్‌లో పిల్లల కోసం ఓ విభాగం ఉంది, పాత కాలపు బొమ్మలు, సైనికులు. అద్దాల వెనక ఉంటాయి, అంత పాతవి ఉండాల్సింది అక్కడే. ఆ గదిలాంటి చోట ఓ చాప వేసి, నిర్మల్ బొమ్మలో ఏటికొప్పాక లక్క బొమ్మలో ఓ బుట్టెడు పెడితే ఎలా ఉంటుందో అని మాత్రం అనిపించింది. పగిలితే మళ్ళీ కొనుక్కోవచ్చు, చేసేవాళ్ళకి నాలుగు డబ్బులు కూడా.

బిద్రీ సామాను దగ్గర జరిగింది చెప్పాలి. నల్లటి లోహం మీద వెండి పనితనం, హుక్కా కుదుళ్ళు వరసగా పెట్టారు. నేను చూస్తూ దాటిపోబోతుంటే అత్తమ్మ ఆగిపోయారు. "మా ఊరి దొర ఇంట్ల గిసొంటిది ఉండె. ఆయిన గుంజుతుంటె నీళ్ళు బుడబుడ అన్నది గడి గోడ అవుతల దాంక ఇనొస్తుండె. గా సప్పుడైతే మేము నడిశేది ఆపుతుంటిమి" అన్నారు. చిన్నోడు "ఎందుకు ఆపేవాళ్ళు?" అని అడిగాడు. "దొర మేల్కొని ఉన్నడని. చెప్పులు చేతుల పట్టుకొని పోయేది" అన్నారావిడ, మామూలుగా. పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది, ఆ మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. వాడు హుక్కా వైపు చూసి బుగ్గలు ఉబ్బించి బుడబుడమన్నాడు. నవ్వాలో వద్దో నాకు తెలియలేదు. అత్తమ్మే నవ్వారు.

ఆ కుదురు పక్కన ఉండాల్సిన మాట అదే కదా. అది ఏ క్యూరేటరూ రాయలేడు. ఆదివారాలు ఇలాంటి పెద్దవాళ్ళని నలుగురిని పిలిచి, గదికొకళ్ళని కుర్చీ వేసి కూర్చోబెడితే? తిరగలి విసిరినవాళ్ళు, మగ్గం నేసినవాళ్ళు, బండి ఇరుసుకి కందెన పెట్టినవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు, టీవీ ముందు.

ఆ ఊపులో తర్వాతి వారం బిర్లా సైన్స్ సెంటర్‌కి వెళ్ళాం. అక్కడ కోటసారస్ అస్థిపంజరం ఉంది, తొమ్మిది మీటర్ల పొడుగు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసిన రాకాసిబల్లి ఎముకలు. 1988లో పేరు పెట్టారు, కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని. ఊరి పేరు వినగానే అత్తమ్మ "మా చిన్నమ్మనిచ్చింది గా దిక్కే" అన్నారు. ఇక చూడండి. చిన్నోడికి అది జురాసిక్ జంతువు కాకుండా పోయింది, నానమ్మ చిన్నమ్మ వాళ్ళ ఊరి జంతువైపోయింది. అపార్ట్‌మెంట్‌లో కనబడిన ప్రతివాళ్ళకీ "మా డైనోసార్" అని చెప్పాడు. ఒక మ్యూజియం ఇంతకంటే చేయగలిగింది ఏముంటుంది?

తల్లులం మనం చేసేదీ తక్కువేం కాదు. టికెట్ కొన్నాం కాబట్టి అన్ని గదులూ తిరగాల్సిందే. పిల్ల ఓ ఏనుగు దంతం దగ్గర ఆగితే "పదా పదా, ఇంకా చాలా ఉంది" అని రెక్క పట్టి లాగుతాం. బయటికొచ్చాక "ఏం నేర్చుకున్నావ్?" అని పరీక్ష. నేను ఇప్పుడు మూడంటే మూడు వస్తువులు అనుకుని వెళ్తున్నాను. గంటంబావు, ఆ తర్వాత ఏడ్చినా ఏడవకపోయినా ఇల్లే. స్కూళ్ళవాళ్ళు కూడా చేతులు కట్టించి లైన్లో నడిపించి, లేబుళ్ళు నోట్‌బుక్కులో ఎక్కించమనడం మానితే బాగుండు. తల దించుకుని రాసుకుంటున్న పిల్లలు తల ఎత్తి బొమ్మను చూసేదెప్పుడు?

ఇక పాలిచ్చే తల్లికి ఓ మూల, శుభ్రమైన బాత్రూము, తాగే నీళ్ళు, పిల్లాడు మధ్యలో పేచీ పెడితే బయట కాసేపు తిప్పి అదే టికెట్ మీద మళ్ళీ లోపలికి రానివ్వడం. ఇవి అడగడానికి కూడా సిగ్గుపడాల్సిన రోజులు కావు. ఇంకొకటి, గదుల్లో కాపలా ఉండే అన్నలకీ అక్కలకీ ఈలకి బదులు ఓ మాట నేర్పండి. "ఇటు రా బాబూ, ఇక్కణ్ణుంచి బాగా కనబడుతుంది." పిల్లలకి మ్యూజియం అంటే మొదట కనబడేది వాళ్ళే.

మొన్న ఆదివారం మా ఇంట్లో పనికొచ్చే అక్క కూతుర్ని కూడా తీసుకెళ్ళాం. రెండో తరగతి. అక్క మొదట "వద్దమ్మా, అక్కడ దీన్ని రానిస్తరా?" అంది. సాలార్‌జంగ్ మెట్ల దగ్గర వెనక్కి తిరిగి చూస్తే పిల్ల చెప్పులు విప్పి ఓ పక్కన జతగా పెట్టి, ఉత్త కాళ్ళతో నిలబడి ఉంది. నేను నోరు తెరిచేలోపే మా వాడు వెనక్కెళ్ళాడు. "ఇక్కడ వేసుకోవచ్చు" అన్నాడు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. "అమ్మని అడగక్కర్లేదు. వేసుకో. పన్నెండు కావస్తోంది, ఆయన లేస్తాడు."

ఇద్దరూ పరుగు తీశారు. పరిగెత్తొద్దని అరవబోయి ఆగాను. లోపల కాపలా ఉన్నాయన వాళ్ళని చూసి, గడియారం హాలు ఎటో చెయ్యి చూపించాడు.